గ్రీన్ ఎనర్జీ: అందుకోగల లక్ష్యం ఎలా ఉండాలి?

బొగ్గు, డీజిల్ లాంటి ఇంధనాలను తగ్గిస్తూ సౌర, పవన, జల విద్యుత్తుకు మారడమే గ్రీన్ ఎనర్జీ మార్పు. ఇందులో లక్ష్యం ప్రకటించడం తేలిక. అది అందేదేనా అన్నది లెక్క వేస్తేనే తెలుస్తుంది.

2022 నేర్పిన పాఠం

2022 నాటికి 175 గిగావాట్ల పునరుత్పాదక విద్యుత్ సామర్థ్యం సాధించాలని 2015లో కేంద్రం లక్ష్యం పెట్టుకుంది. సౌర విద్యుత్ 100, పవన 60, బయోమాస్ 10, చిన్న జల విద్యుత్ 5. గడువు ముగిసేసరికి చేరింది సుమారు 120 గిగావాట్లకే. పెద్ద సోలార్ పార్కులు బాగానే వచ్చాయి. ఉమ్మడి కర్నూలు జిల్లాలోని 1,000 మెగావాట్ల పార్కు అలాంటిదే. బాగా వెనకబడింది ఇళ్లు, భవనాల పైకప్పుల దగ్గర. అక్కడ 40 గిగావాట్లు అనుకుంటే పావు వంతు కూడా రాలేదు. పార్కుకు కొన్ని కంపెనీలు, ఒప్పందాలు చాలు. ఇళ్లకైతే లక్షల కుటుంబాలు ఎవరికి వారే డబ్బు, అనుమతి, నెట్ మీటర్ చూసుకోవాలి.

సామర్థ్యం వేరు, కరెంటు వేరు

2030 నాటికి 500 గిగావాట్ల శిలాజేతర సామర్థ్యం, 2070 నాటికి నెట్ జీరో అని 2021 గ్లాస్గో సదస్సులో భారత్ ప్రకటించింది. 2025లో దేశ స్థాపిత సామర్థ్యంలో సగం శిలాజేతర వనరులదే అయింది. అయినా మనం వాడే కరెంటులో ఎక్కువ భాగం ఇంకా బొగ్గుదే. రాత్రిపూట సోలార్ పనిచేయదు కదా! అందుకే గిగావాట్లతో పాటు నిల్వకూ లక్ష్యం ఉండాలి. పిన్నాపురం పంప్డ్ స్టోరేజీలో మిగులు కరెంటుతో నీటిని పైకి ఎత్తి, అవసరమైనప్పుడు కిందికి వదిలి విద్యుత్ తీస్తారు.

ఇంటికి లెక్క ఇలా

2024లో మొదలైన పీఎం సూర్య ఘర్ లక్ష్యం కోటి ఇళ్లు. సబ్సిడీ ఒక కిలోవాట్‌కు రూ.30,000, రెండింటికి రూ.60,000, మూడు, ఆపైన ఎంతైనా రూ.78,000.

• ముందు 12 నెలల బిల్లులు తీసి యూనిట్లు చూసుకోవాలి.
• ఒక కిలోవాట్ నెలకు సుమారు 100 నుంచి 120 యూనిట్లు ఇస్తుంది. దానికి దాదాపు 100 చదరపు అడుగుల నీడ పడని చోటు కావాలి.
• నెలకు 200 యూనిట్లు వాడే ఇంటికి రెండు కిలోవాట్లు సరిపోతాయి. ‘బిల్లు సున్నా’ మాట నమ్మి అప్పు చేసి ఐదు పెట్టిస్తే ఆ డబ్బు తిరిగి రావడానికి ఏళ్లు పడుతుంది.
• అద్దె ఇల్లయితే పొదుపుతో మొదలుపెట్టొచ్చు. పాత సీలింగ్ ఫ్యాన్ సుమారు 75 వాట్లు తీసుకుంటే, బీఎల్‌డీసీ ఫ్యాన్‌కు 30 చుట్టుపక్కల చాలు.

దేశానికైనా, ఇంటికైనా పద్ధతి ఒకటే: ఇప్పుడు ఎంత వాడుతున్నామో తెలుసుకుని, చేతిలో ఉన్న డబ్బు, స్థలం చూసి, ఏడాదికి ఒక మెట్టు చొప్పున ఎక్కాలి.