పాత తోట యంత్రం ఇంజను మొరాయిస్తే: లోపాన్ని గుర్తించే క్రమం

తోటల్లో, కూరగాయల మళ్లలో అంతరసేద్యానికి వాడే పాత చిన్న ట్రాక్టర్లకు, పవర్ వీడర్లకు చాలావరకు ఒకే సిలిండరు గల పెట్రోలు ఇంజను ఉంటుంది. కొన్నేళ్లు పని చేసిన తరువాత అది ఆగి ఆగి నడవడం, బరువు పడగానే నీరసించడం, మిస్సింగ్ ఇవ్వడం మామూలు. అదును దాటిపోతుందన్న తొందరలో కార్బొరేటరు మార్చడమో, ఇంజను విప్పించడమో జరుగుతుంది. అసలు కారణం తరచూ చవకైన చిన్న లోపమే. గాలి, ఇంధనం, సరైన వేళకు నిప్పురవ్వ, సిలిండరులో కంప్రెషన్, ఈ నాలుగూ సరిగా ఉంటే ఇంజను నడిచి తీరాలి. వాటిని వరుసగా, ఒక్కొక్కటిగా పరీక్షించాలి. ఒకేసారి రెండు భాగాలు మార్చితే దోషం దేనిదో తెలియదు. (డీజిల్ ఇంజనుకు స్పార్క్ ప్లగ్గు ఉండదు గనుక ఈ క్రమం దానికి వర్తించదు.)

ముందు జాగ్రత్తలు

ఇంజనును మూసిన కొట్టంలో నడపరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది. ఇంజను చల్లారిన తరువాతే పెట్రోలు పైపు విప్పాలి. దగ్గరలో బీడీ, దీపం, పొయ్యి ఉండరాదు. బ్లేడ్లను ముట్టే ముందు ప్లగ్గు క్యాపు ఊడదీసి పక్కకు పెట్టాలి.

లక్షణం చెప్పే సంగతి

- రేసు దానంతట అదే పెరుగుతూ తగ్గుతూ ఉంటే: ఇంధనం చాలడం లేదు, లేదా కార్బొరేటరు గాస్కెట్ దగ్గర అదనపు గాలి చొరబడుతోంది. వేడెక్కిన ఇంజనుకు చోక్ సగం మూసినప్పుడు నడక నిదానిస్తే ఈ అనుమానం బలపడుతుంది.
- నల్లని పొగ వస్తే: ఇంధనం ఎక్కువవుతోంది. ఎయిర్ ఫిల్టరు మూసుకుపోవడం, చోక్ పూర్తిగా తెరుచుకోకపోవడం ముఖ్య కారణాలు.
- కొంతసేపు బాగా నడిచి ఆగిపోతే: ట్యాంకు మూత వదులు చేసి చూడాలి. వెంటనే కోలుకుంటే మూతలోని గాలి రంధ్రం పూడిందని అర్థం. కోలుకోక, చల్లారిన తరువాతే నడిస్తే కాయిల్‌ను అనుమానించాలి.
- రాయికో వేరుకో తగిలి హఠాత్తుగా ఆగిన తరువాతే దోషం మొదలైతే: ఫ్లైవీల్ కీ దెబ్బతిని టైమింగ్ తప్పి ఉండవచ్చు.

1. గాలి

ఎయిర్ ఫిల్టరు విప్పి చూడాలి. స్పాంజి రకమైతే సబ్బు నీటితో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, కొద్దిగా ఇంజను ఆయిల్ పట్టించి పిండి బిగించాలి. కాగితపు రకాన్ని కడగరాదు. దుమ్ము దులపాలి, పాడైతే మార్చాలి. ఫిల్టరు లేకుండా పొలంలో నడిపితే దుమ్ము లోపలికి పోయి పిస్టన్ రింగులు అరిగిపోతాయి.

2. ఇంధనం

నెలల తరబడి నిలిచిన పెట్రోలును పారబోయించి కొత్తది పోయాలి. 2025 నాటికి దేశమంతటా పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలిపే స్థితి వచ్చింది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. నీరు ఎక్కువైతే దానితో కలిసి అడుగున వేరు పొరగా చేరుతుంది. ఇథనాల్‌కు తగని పాత రబ్బరు పైపులు, సీళ్లు దీనివల్ల ఉబ్బవచ్చు, పగలవచ్చు. అడుగు పెట్రోలును గాజు సీసాలో పట్టి కొంతసేపు నిలకడగా ఉంచితే నీటి పొర కనిపిస్తుంది.

తరువాత కార్బొరేటరు దగ్గర పైపు ఊడదీసి, సీసా పట్టి, కాక్ తిప్పాలి. ధార ఆగకుండా రావాలి. ధార బాగుండి కూడా ఇంజను ఊగిసలాడితే జెట్ పూడి ఉండవచ్చు. కార్బొరేటరు అడుగు గిన్నె తీసి, కార్బొరేటరు క్లీనరుతో జెట్‌ను శుభ్రం చేసి గాలి కొట్టాలి. తీగతో పొడిస్తే రంధ్రం పెద్దదై కొత్త లోపం వస్తుంది.

3. నిప్పురవ్వ

ప్లగ్గు కొన లేత గోధుమ రంగులో ఉంటే దహనం బాగున్నట్లు. పొడి మసి ఇంధనం ఎక్కువైనదానికి, జిడ్డు నలుపు ఆయిల్ కాలుతున్నదానికి, తెల్లదనం ఇంధనం చాలనిదానికి గుర్తు. ఈ రకం ఇంజన్లు చాలావాటికి ప్లగ్గు గ్యాప్ 0.7 నుంచి 0.8 మి.మీ. ఉంటుంది. రవ్వను పరీక్షించడానికి పాత ప్లగ్గును రంధ్రంలోనే ఉంచి, వేరొక ప్లగ్గును క్యాపుకు తగిలించి, దాని లోహభాగాన్ని ఇంజనుకు ఆనించి తాడు లాగాలి. చేతితో కాక, రబ్బరు పిడి ఉన్న పట్టకారుతో పట్టుకోవాలి. కొత్త ప్లగ్గును మొదట చేతితో బిగించి, ఆ తరువాతే పానా వాడాలి.

4. కంప్రెషన్

తాడు లాగినప్పుడు ఎదురు ఒత్తిడి తెలియాలి. అయితే తేలికగా స్టార్టు కావడానికి కొన్ని ఇంజన్లలో డీకంప్రెషన్ ఏర్పాటు ఉంటుంది గనుక తాడు తేలికగా వచ్చినంత మాత్రాన రింగులు పోయాయని తేల్చరాదు. ముందు వాల్వు గ్యాప్ చూపించాలి. ఉదాహరణకు పాత రకం హోండా జీఎక్స్ 160 ఇంజనుకు, చల్లగా ఉన్నప్పుడు, గాలి లోపలికి వచ్చే వాల్వుకు 0.15 మి.మీ., పొగ వెళ్లే వాల్వుకు 0.20 మి.మీ. గ్యాప్ ఉండాలి. ఇతర ఇంజన్లకు వాటి పుస్తకంలోని కొలతే ప్రమాణం. ఆయిల్ మట్టాన్ని సరిచూసిన తరువాత కూడా నీలిపొగ ఆగకపోయినా, లోపల లోహం కొట్టుకొనే చప్పుడు వినిపించినా ఇంజను ఆపి మెకానిక్‌కు అప్పగించాలి.

అంగడికి వెళ్లేటప్పుడు

సరిహద్దు పల్లెల వారికి విడిభాగాల అంగడి తరచూ పక్క భాష మాట్లాడే పట్టణంలో ఉంటుంది. ఏ భాషలో అడిగినా పొరపాటు రాకుండా ఇంజను పలకపై ఉన్న మోడల్, సీరియల్ నంబర్లను ఉన్నవి ఉన్నట్లుగా రాసుకోవాలి. పాత భాగాన్ని వెంట తీసుకువెళ్లాలి. చేసిన పరీక్షలు, వాటి ఫలితాలు ఒక కాగితంపై ఉంటే మెకానిక్ మొదటినుంచి వెతకనక్కరలేదు. అనవసరపు ఖర్చూ తప్పుతుంది.

పని కాలం ముగిశాక ట్యాంకును ఖాళీ చేసి, కార్బొరేటరులో మిగిలిన పెట్రోలు అయిపోయేదాకా ఆరుబయట ఇంజను నడిపి ఆపాలి. వచ్చే అదునులో జెట్ పూడకుండా ఉండటానికి ఇంతకన్న చవకైన మార్గం లేదు.