మా తాత సైకిలు

"మీ ఇంట్లోని ఒక పాత వస్తువు చరిత్ర రాయండి" అని మా హిస్టరీ సారు చెప్పారు. చాలామంది నాడె గురించి, అవ్వ చీర గురించి రాశారు. నేను తాత సైకిలు గురించి రాస్తున్నాను.

మా పద్మశాలి కుటుంబాలు తెలంగాణ నుంచి నేతపని కోసం షోలాపూర్ వచ్చాయి. 1877లో జూనీ మిల్లు మొదలైంది. ముత్తాత అందులో పనిచేశాడు. తాత మాత్రం సాంచా కార్ఖానాలో చద్దర్లు నేశాడు. ఒకనాడు పనికి పోతుంటే కాటరు పిన్ను ఊడి, పెడలు జారి కిందపడ్డాడు. అరచెయ్యి తెగింది. తెగిన చేత్తో పోగు ఎట్ల అతుకుతాడు? పీసు లెక్క కూలి కదా, వారం రోజులు పైసా రాలేదు.

అప్పటి నుంచి సెలవు నాడు సాంచా లెక్కనే సైకిలునూ చూసేవాడు. రెండు క్రాంకులు పట్టుకొని ఊపితే టక్‌మనొద్దు. పెడలు తిప్పితే గరగర అంటే లోపలి ఛర్రాలు ఎండినట్టు. చైనును గ్యాసునూనెతో కడిగి, ఆరినాక నూనె చుక్కలు వేసి, పైది తుడిచేయాలి. లేకుంటే దూది, దుమ్ము అంటుకుంటాయి. 24 లింకులు సరిగ్గా 12 అంగుళాలు ఉండాలి. వీసం, అంటే అంగుళంలో 16వ వంతు, పెరిగితే చైను మార్చాలి. ఇంకా ఆగితే అది చక్రం పళ్లను కూడా తింటుంది.

ఈ చైను పుట్టుక తెలిశాక నాకు ఆశ్చర్యమేసింది. స్విట్జర్లాండ్‌లో పుట్టిన హాన్స్ రెనాల్డ్ 1879లో మాంచెస్టర్ పక్కనున్న సాల్‌ఫర్డ్‌లో చిన్న కార్ఖానా కొన్నాడు. అక్కడ నూలు వడికే యంత్రాలకు చైన్లు చేసేవాళ్లు. 1880లో ఆయన బుష్ రోలర్ చైను కనిపెట్టాడు. సైకిళ్లకు వచ్చింది ఆ రకమే. 1885లో స్టార్లీ చేసిన రోవర్ సైకిలు వెనక చక్రాన్ని చైనుతోనే తిప్పింది. అంటే నూలు యంత్రం, సైకిలు చుట్టాలే! తాతకు చెప్తే "నాకు ఎప్పుడో తెలుసు, రెండూ నూనె అడుగుతయి" అన్నాడు.

ఎడమ పెడలుకు మర ఉల్టా ఉంటుంది, తొక్కుతుంటే దానంతటది ఊడకుండా. మొదటిసారి తెలియక నేను విప్పబోయి ఇంకా బిగించాను. తాత పానా గుంజుకున్నాడు. మర తినిపోతే క్రాంకే మార్చాలట. పానాను పెడలుపై నిలబెట్టి వెనక చక్రం వైపు తిప్పితే రెండు పెడళ్లూ విప్పుకుంటాయి.

ఇప్పుడు ఆ సైకిలు నాది. మొన్న చైను కొలిచాను. వీసం దాటింది. కొత్తది కొనేదాకా బడికి నడిచిపొమ్మన్నాడు తాత.