వార్మప్: ఆటకు, నాట్యానికి, పాటకు ముందు

అసలు శ్రమకు దిగేముందు ఒంటినో గొంతునో మెల్లగా సిద్ధం చేసుకోవడం వార్మప్. మైదానంలో, నాట్యశాలలో, సంగీతం క్లాసులో దీని తీరు వేరైనా సూత్రం ఒకటే: చేయబోయే పనినే ముందు తక్కువ వేగంతో, తక్కువ బలంతో చేయడం. స్పెల్‌కు ముందు ఫాస్ట్ బౌలర్ మిడాఫ్ ఫీల్డర్‌కి నాలుగు బంతులు విసిరి చేయి తిప్పుకునేది ఇందుకే.

తేలికపాటి పరుగు మొదలైన 3–5 నిమిషాల్లో కండరాల వేడి చురుగ్గా పెరిగి, 10–20 నిమిషాలకు ఒక స్థాయిలో నిలుస్తుంది. రక్తప్రసరణ ఎక్కువవుతుంది, హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను తేలిగ్గా వదులుతుంది, నరాల సంకేతాలు వేగం పుంజుకుంటాయి. కండరం ఒక్క డిగ్రీ వేడెక్కితే దాని పనితీరు 2 నుంచి 5 శాతం దాకా మెరుగుపడుతుంది.

ఒళ్లు సాగదీస్తే వార్మప్ అయిపోయినట్టే అన్న నమ్మకం మన స్కూలు మైదానాల్లో ఇంకా పోలేదు. ఒకే కండరాన్ని నిమిషానికి మించి సాగదీసి పట్టుకుంటే కాసేపు దాని బలం తగ్గుతుంది. మోకాళ్లెత్తి పరుగెత్తడం, కాళ్లు ఊపడం లాంటివి ఆటకు ముందు మేలు. ఫుట్‌బాల్ కోసం తయారైన 'ఫిఫా 11+'లో 15 వ్యాయామాలుంటాయి, 20 నిమిషాలు పడుతుంది. నార్వేలో 13–17 ఏళ్ల ఆడపిల్లల జట్లపై జరిగిన అధ్యయనం 2008లో వెలువడింది. ఈ పద్ధతి పాటించిన జట్లలో గాయాలు మూడోవంతు దాకా తగ్గాయి. ఇది వేడి ఒక్కదాని చలవ కాదు. దూకి దిగేటప్పుడు మోకాలు లోపలికి వాలకుండా నిలవడం, ఒంటికాలిపై తూలకుండా ఉండడం అందులో సీజనంతా నేర్పుతారు.

కూచిపూడిలో మోకాళ్లు వంచి అరమండిలో నిలిచి పాదాలు తట్టే అడుగుల భారమంతా మోకాళ్లు, పిక్కలు, చీలమండల మీద పడుతుంది. అందుకే మొదటి కాలంలో, అంటే నెమ్మదిగా, మొదలుపెట్టి వేగం పెంచుతారు. ప్రదర్శన రోజున చిక్కు వేరు. ఒంట్లో వేడి పావుగంటకే తగ్గిపోతుంది, ముఖానికి రంగు, నగల అలంకరణకేమో గంటలు పడుతుంది. గజ్జెలు కట్టుకున్నాక మళ్లీ కాళ్లు కదిలించి తీరాలి.

చాలామంది పట్టించుకోనిది గొంతు. ఐదున్నర శ్రుతిలో పాడే గాయని మధ్యస్థాయి షడ్జం పట్టినప్పుడు స్వరతంత్రులు సెకనుకు దాదాపు 208 సార్లు కలిసి విడిపోతాయి. తారస్థాయి షడ్జం దగ్గర అది 415. నిద్రలేచిన గొంతును నేరుగా అక్కడికెక్కిస్తే తంత్రులు గట్టిగా కొట్టుకుని గొంతు బొంగురుపోతుంది. పోటీల పేరిట పొద్దున్నే పిల్లల చేత పైస్థాయిలో పాడించడం వాళ్ల గొంతుకు చేసే అన్యాయం. సంప్రదాయ సాధన మంద్రస్థాయిలో, అకారంతో, చిన్న గొంతుతో మొదలవుతుంది. మాయామాళవగౌళలో సరళీ వరుసల్ని మూడు కాలాల్లో పాడటం పిల్లలకు పాఠమైతే విద్వాంసులకు గొంతు సన్నాహం. కచేరీ వర్ణంతో మొదలవడంలోనూ ఈ లాభముంది.

పాశ్చాత్య గాయకులు పెదవులు వదులుగా మూసి 'బ్ర్ర్' అని ఆడిస్తూ స్వరాలు ఎక్కి దిగుతారు, సన్నటి స్ట్రాలోంచి కూనిరాగం తీస్తారు. నోటి దగ్గర దారి ఇరుకైతే గాలి వెనక్కి ఒత్తి తంత్రులు మృదువుగా తాకుతాయి. అమెరికా స్వరశాస్త్రజ్ఞుడు ఇంగో టిట్జ్ ఈ స్ట్రా పద్ధతికి బాగా ప్రచారం తెచ్చాడు. మైకు ముందుకెళ్లి గట్టిగా గొంతు సవరించుకోవడం మాత్రం వార్మప్ కాదు. అది తంత్రుల్ని ఒకదానికొకటి రాపాడిస్తుంది. దానికి బదులు ఒక గుక్క నీళ్లు మింగి, నోరు మూసి మంద్ర షడ్జాన్ని 'మ్' అంటూ పట్టుకుంటే చాలు.