అంగడిలో నకిలీ సరకు - హిస్బా వ్యవస్థ

అంగడి ఎంత పాతదో నకిలీ సరకూ అంత పాతది. సరకు గుణం అమ్మేవానికి తెలిసి, కొనేవానికి తెలియని ప్రతి చోటా అది పుడుతుంది. దైవప్రవక్త (స) ఒకసారి ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూడగా లోపల తడి తగిలింది. వానకు తడిసిందని వర్తకుడు విన్నవించుకున్నాడు. అలాగైతే జనానికి కనిపించేలా తడి గింజలను పైనే ఎందుకు ఉంచలేదని ఆయన అడిగారు. మోసగించేవాడు తమవాడు కాడని స్పష్టం చేశారు. సహీహ్ ముస్లింలోని ఈ ఉదంతంలో తడి సహజమైనదే. దాన్ని దాచడమే నేరమైంది.

ఇటువంటి దాపరికాన్ని వెలికితీయడం తరువాతి కాలంలో ముహ్తసిబ్ అనే అధికారి విధుల్లో ఒకటయింది. 12వ శతాబ్దంలో సిరియాకు చెందిన షైజరీ ఆ అధికారి కోసం 40 అధ్యాయాల గ్రంథం వ్రాశాడు. ఈజిప్టులో ఇబ్నుల్ ఉఖువ్వా (మ. 1329) ఆ విషయాన్నే మరింత విస్తరించాడు. రొట్టెలు కాల్చేవారు మొదలు మందుల వర్తకుల వరకు ఒక్కొక్క వృత్తిలోని మోసాలను, వాటిని పట్టే పరీక్షలను ఇటువంటి గ్రంథాలు వివరించాయి. వెదురుప్పులో కాల్చిన ఎముకలు కలిపేవారు. నీటిలో వేస్తే ఎముక అడుగుకు దిగుతుంది, వెదురుప్పు తేలుతుంది. నల్లమందులో ఇతర మొక్కల రసాలు కలిపితే, నీటిలో కరిగించినపుడు వచ్చే వాసనే పట్టిచ్చేది.

అన్ని వృత్తుల మర్మాలు ఒక్కనికే తెలియవు గనుక, ప్రతి వృత్తి నుండి నమ్మకస్తుడైన నిపుణుణ్ణి 'అరీఫ్'గా నియమించుకోవాలని షైజరీ సూచించాడు. అయితే ఈ అధికారానికి హద్దు కూడా ఉంది. బయటపడని తప్పుల కోసం కూపీ లాగడం సాధారణంగా ముహ్తసిబ్ పని కాదని మావర్దీ (మ. 1058) పేర్కొన్నాడు.

మరి అధికారి కన్ను పడని చోట నకిలీని ఆపేదెవరు? ఇమామ్ గజాలీ (మ. 1111) 'ఇహ్యా ఉలూముద్దీన్'లో దొంగ నాణెం గురించి చేసిన చర్చ ఇక్కడ గమనించదగినది. దొంగతనం ఒక్కసారితో ముగుస్తుంది. దొంగ నాణెం చేయి మారిన ప్రతిసారీ మరొకరిని ముంచుతుంది. దాన్ని చలామణిలో పెట్టినవాడు మరణించినా ఆ పాపం ఆగదు. కనుక అది చేతికి వస్తే ఇంకొకరికి అంటగట్టక బావిలో పారవేయాలని, మంచి నాణెం గుర్తించడం వర్తకుడు నేర్చుకోవాలని ఆయన బోధించారు.

నకిలీ మందు, నకిలీ విడిభాగం కూడా అటువంటివే. కొన్నట్టే అమ్మానన్న సాకు ఈ వాదం ముందు నిలువదు. ఇక అసలు తయారీదారు హక్కు మాటకొస్తే, 1988 డిసెంబరులో కువైట్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ వ్యాపార నామం, వ్యాపార చిహ్నం, గ్రంథకర్త హక్కు మొదలైనవి షరీఅత్ గుర్తించిన హక్కులేనని, వాటిని ఉల్లంఘించరాదని తీర్మానించింది.

తనిఖీ అధికారి వచ్చేలోగా సరకు ఎన్నో చేతులు మారుతుంది. తన దుకాణానికి చేరిన నకిలీని ముందుకు పోనీయక అక్కడే ఆపడం వర్తకుని విధి.