సెంట్రల్ లైన్ భద్రత: చెక్‌లిస్టుకు దక్కిన పేరు

మెడ పక్కనో, కాలర్‌బోన్ కిందో సూది గుచ్చి గుండె దగ్గరి పెద్ద సిరలోకి గొట్టం పంపడాన్ని ఆస్పత్రుల్లో సెంట్రల్ లైన్ వేయడం అంటారు. ఈ పని భద్రంగా మారిన కథను చెప్పేవాళ్లంతా చివరికి ఒక చెక్‌లిస్టు దగ్గర ఆగుతారు. నా పేచీ అక్కడే.

తొలి ఘట్టాలు తెలిసినవే. 1929లో జర్మనీలోని ఎబర్స్‌వాల్డెలో వెర్నర్ ఫోర్స్‌మన్ తన మోచేతి సిరలోంచే గొట్టం తోసుకుని ఎక్స్‌రే గదికి నడిచి వెళ్లాడు. 1952లో ఒబానియాక్ కాలర్‌బోన్ కింది దారి చూపాడు. మరుసటి ఏడాది స్వీడన్ రేడియాలజిస్టు సెల్డింగర్, సూదిలోంచి సన్నని తీగ పంపి, సూది తీసేసి, తీగ మీదుగా గొట్టం ఎక్కించే పద్ధతి ప్రకటించాడు. ఆయన ఉద్దేశించింది ధమనుల ఎక్స్‌రేల కోసం. సిరలకు తర్వాత వాడుకున్నారు. తీగ కొసను చేతిలోంచి వదిలితే ఒంట్లోకి జారిపోతుంది. కొత్త డాక్టర్లకు ఇప్పటికీ మొదట చెప్పేది అదే.

ఇక చెక్‌లిస్టు. 2001లో జాన్స్ హాప్కిన్స్‌లో పీటర్ ప్రోనోవోస్ట్ రాసుకున్నవి ఐదు పనులు: చేతులు కడగడం, క్లోర్‌హెక్సిడిన్‌తో చర్మం తుడవడం, రోగిని నిలువెల్లా స్టెరైల్ గుడ్డతో కప్పి డాక్టరు గౌను, మాస్కు, టోపీ, గ్లోవ్స్ వేసుకోవడం, వీలైతే గజ్జల్లో గుచ్చకపోవడం, అక్కర్లేని లైన్ తీసేయడం. వీటిలో ఒక్కటీ కొత్తది కాదు. కొత్తదల్లా, ఏదైనా తప్పితే డాక్టర్ని ఆపే అధికారం నర్సుకు ఇవ్వడం. కావలసినవన్నీ ఒకే బండిలో సర్దిపెట్టడం కూడా చిన్న విషయం కాదు. గుడ్డ కోసం ఇంకో గదికి వెళ్లాల్సివస్తే గుడ్డ లేకుండానే కానిచ్చేస్తారు. అమెరికాలోని మిషిగన్ రాష్ట్ర ఐసీయూల్లో వీటిని అమలు చేశాక 2006లో వెలువడిన ఫలితాల్లో, వెయ్యి కాథెటర్ రోజులకు సగటున 7.7గా ఉన్న రక్తపు ఇన్ఫెక్షన్లు ఏడాదిన్నరలో 1.4కు దిగాయి.

అయితే అన్నీ కలిపే అమలు చేశారు, పోల్చడానికి వేరే ఐసీయూల గుంపు లేదు. కాబట్టి ఘనత కాగితానిదనీ చెప్పలేం, నర్సుదేననీ తేల్చలేం. ఇంగ్లండ్‌లో ఇదే ప్రయత్నం చేస్తే, ఇంకా మొదలుపెట్టని ఐసీయూల్లోనూ ఇన్ఫెక్షన్లు దాదాపు అంతే తగ్గాయి. 2011లో మేరీ డిక్సన్-వుడ్స్ బృందం మిషిగన్ విజయానికి కారణాలు వెతుకుతూ తోటి ఐసీయూల ఒత్తిడిని, అంకెలు అందరి ముందు పెట్టడాన్ని ఎత్తిచూపింది. నాకు ఈ వివరణే నమ్మదగిందనిపిస్తుంది. కాగితాన్ని ఏ ఆస్పత్రైనా జిరాక్స్ తీసుకోగలదు, ఆ ఒత్తిడిని తీసుకోలేదు.

భద్రత కోసం వాడే మరో సాయం, గుచ్చేటప్పుడు సిరను తెరమీద చూపే అల్ట్రాసౌండ్. దాని మేలు మీద నాకు సందేహం లేదు, మెడ సిర విషయంలో మరీను. కానీ తెరమీద సూది నడిమి భాగాన్ని మొనగా పొరబడే ప్రమాదం ఉంది. మన దేశంలో ఆ యంత్రం లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద రిజిస్టరు కావాలి. ఆ కట్టడి అవసరమే అయినా భారం ఐసీయూ మీదా పడుతోంది. ఇక చెక్‌లిస్టంటారా, లైన్ వేసిన డాక్టరే పని ముగిశాక కూర్చుని టిక్కులు పెట్టే చోట అది కేసు షీట్‌లో ఇంకో కాగితమే. ‘‘సార్, ఆగండి, గ్లోవ్స్ మార్చండి’’ అన్న సిస్టర్‌కు మర్నాడు డ్యూటీ మారిపోదన్న హామీని యాజమాన్యం రాతపూర్వకంగా ఇవ్వాలి.