కాసుల పేరు పుట్టుపూర్వోత్తరాలు

ఖైరతాబాద్ కూడలి నుంచి సైఫాబాద్ మీదుగా నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌కు పోయే దారి చిన్నదే. కానీ తెలుగు ఆడవాళ్ల మెడలో బంగారం ఎలా చేరిందో తెలుసుకోవాలంటే ఈ దారి చాలు. నడుమ సైఫాబాద్‌లో నిజాం కాలపు టంకశాల ఉంది. చివర నాంపల్లిలో రెండు వేల ఏళ్ల నాణేలను దాచుకున్న రాష్ట్ర మ్యూజియం ఉంది. అటు సోమాజిగూడలోనూ ఇటు ఆబిడ్స్, బషీర్‌బాగ్‌లలోనూ నగల దుకాణాలున్నాయి. ఒకచోట నాణెం పుట్టింది, ఒకచోట అది చరిత్రగా నిలిచింది, ఇంకోచోట నగగా అమ్ముడవుతోంది. ఈ మూడింటినీ కలిపే నగ కాసుల పేరు.

పెళ్లిలో అమ్మాయి మెడ నుంచి నాభి దాకా వేలాడే ఈ హారాన్ని మనం లక్ష్మీదేవి బొమ్మ ఉన్న బంగారు బిళ్లల దండగానే చూస్తాం. దాని వెనుక రోమ్ చక్రవర్తులు, వేంగి రాజులు, విజయనగరం, ఈస్టిండియా కంపెనీ, ఆసఫ్‌జాహీలు వరుసగా నిలబడి ఉన్నారు.

నాణేనికి రెండు రంధ్రాలు

శాతవాహనులు సీసంతో, పోటిన్ అనే మిశ్రమ లోహంతో, రాగితో నాణేలు వేశారు. రాజుల ముఖాలతో వెండి నాణేలూ వేశారు. బంగారు నాణేలు మాత్రం వేయలేదు. అయినా ఆ కాలంలో తెలుగు నేలకు బంగారు నాణేలు వచ్చాయి, సముద్రం మీదుగా రోమ్ నుంచి. మిరియాలకు, ముత్యాలకు, సన్నని బట్టలకు రోమన్లు బంగారం ఇచ్చి కొనుక్కున్నారు. భారతదేశం ఏటా 5 కోట్ల సెస్టర్సుల సొమ్ము లాగేస్తోందని క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో ప్లినీ బాధపడ్డాడు.

ఆ సొమ్ములో కొంత మన మట్టిలో దొరికింది. సంగారెడ్డి దగ్గరి కొండాపూర్‌లో అగస్టస్ బంగారు నాణెం దొరికింది. వినుకొండలో బంగారు నాణేల నిధి బయటపడింది. నాగార్జునకొండ తవ్వకాల్లో తిబేరియస్ నాణెం, ఫౌస్టీనా రాణి బొమ్మ ఉన్న నాణెం దొరికాయి. తెలుగునాట దొరికిన రోమన్ నాణేల వివరాలతో పరమేశ్వరీలాల్ గుప్తా తయారుచేసిన పుస్తకాన్ని 1965లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రచురించింది.

దక్షిణాదిలో దొరికిన రోమన్ బంగారు నాణేలను దగ్గరగా చూస్తే ఒక విశేషం కనబడుతుంది. చాలావాటికి పైఅంచున, చక్రవర్తి తలకు కాస్త పైగా, పక్కపక్కనే రెండు రంధ్రాలుంటాయి. ఒక్క రంధ్రమే ఉంటే బిళ్ల దారం మీద తిరిగిపోతుంది. రెండుంటే బొమ్మ నిటారుగా, ముఖం ఎదుటివారికి కనబడేలా నిలుస్తుంది. ఆ రంధ్రాలు వేసిన కంసాలి పేరు ఏ శాసనంలోనూ లేదు. కానీ నాణేన్ని నగగా మార్చే విద్య ఆనాటికే ఇక్కడ చేయితిరిగినదని అవే చెబుతున్నాయి.

బంగారం కొనలేనివాళ్లు కూడా ఈ సోకు వదులుకోలేదు. గులాం యజ్దానీ ఆధ్వర్యంలో హైదరాబాద్ పురావస్తు శాఖ 1940ల తొలినాళ్లలో కొండాపూర్‌ను తవ్వించినప్పుడు మట్టి బిళ్లలు బయటపడ్డాయి. వాటి మీద రోమన్ నాణేల అచ్చు ఒత్తి ఉంది. తాడు కట్టుకుని మెడలో వేసుకునే బిళ్లలవి. ఒక నగను ధనవంతులు వేసుకుంటే, అదే తీరులో పేదలు మరో వస్తువుతో చేయించుకోవడం మన దగ్గర రెండు వేల ఏళ్ల నాటి అలవాటు. మచిలీపట్నం పక్కన చిలకలపూడిలో తయారయ్యే రోల్డ్ గోల్డ్ కాసుల పేర్లు ఆ వరుసలోనివే.

వరహాల కాలం

సొంత బంగారు నాణేలు మనకు తర్వాత వచ్చాయి. వేంగి చాళుక్యుల్లో మొదటి శక్తివర్మ, రాజరాజనరేంద్రుడు వేయించిన నాణేలు పలచగా, వెడల్పుగా ఉంటాయి. నడుమ వరాహం, చుట్టూ అక్షరాల ముద్రలు. అవి ఇక్కడే కాదు, బర్మా తీరంలోని అరకాన్ దగ్గరి దీవిలో, సయాంలో కూడా దొరికాయి. తెలుగు ఓడలు ఎంత దూరం పోయాయో వాటిని బట్టి తెలుస్తుంది. బరువు తక్కువ, వెడల్పు ఎక్కువ అన్న ఆ తీరునే నేటి కాసుల పేరులోని బిళ్లల్లోనూ చూస్తాం.

కాకతీయుల నాటి శాసనాల్లో గుళ్లకు ఇచ్చిన మాడలు, గద్యాణాలు అనే నాణేల లెక్కలు కనిపిస్తాయి. విజయనగర కాలానికి వరహా దక్షిణాదంతా చెల్లే సొమ్మయింది. దాదాపు 3.4 గ్రాముల బరువుండే చిన్న బంగారు నాణెం అది. శ్రీకృష్ణదేవరాయలు 1514లో తిరుమల శ్రీనివాసుడికి 30,000 వరహాలతో కనకాభిషేకం చేయించాడు. దేవుడి మీద నాణేలు కురిపించడం ఒక పద్ధతి అయితే, నాణెం మీద దేవుణ్ని నిలపడం ఇంకో పద్ధతి. విజయనగర రాజులు తమ వరహాల మీద ఉమామహేశ్వరులను, లక్ష్మీనారాయణులను, బాలకృష్ణుణ్ని, వెంకటేశ్వరుణ్ని ముద్రించారు.

ఈ బొమ్మల మీద జనానికి ఎంత నమ్మకమంటే, పరదేశి వర్తకులు కూడా వాటినే అనుసరించారు. మద్రాసులో ఈస్టిండియా కంపెనీ వేసిన వరహాల మీద వెంకటేశ్వరుడు, ఇద్దరు దేవేరులు ఉంటారు. ఆ నాణేన్ని మూడు స్వాముల వరహా అనేవారు. 1818లో మద్రాసు ప్రెసిడెన్సీలో వరహా పోయి రూపాయి వచ్చింది. సొమ్ముగా చెల్లుబాటు పోయినా, దేవుడి బొమ్మ ఉన్న బంగారం గౌరవం పోలేదు. అది పూజగదిలో, మంగళసూత్రం పక్కన, కాసుల పేరులో స్థిరపడింది.

తర్వాత సవర వచ్చింది. 1817 నుంచి ఇంగ్లండు ముద్రించిన సావరిన్‌నే మనవాళ్లు సవర అన్నారు. దాదాపు 8 గ్రాముల బరువు, 22 క్యారెట్ల మేలిమి. కోస్తా జిల్లాల్లో కాసు అన్నా, సవర అన్నా నేటికీ ఎనిమిది గ్రాములే లెక్క. విక్టోరియా రాణి, జార్జి రాజు బొమ్మలున్న సవరలను కొక్కేలు పెట్టి గుచ్చిన పేర్లు గోదావరి, కృష్ణా జిల్లాల పాత ఇళ్లలో ఉండేవి. రోమన్ చక్రవర్తి తలకు పైన రంధ్రం వేసిన విద్యే, పద్దెనిమిది వందల ఏళ్ల తర్వాత ఇంగ్లండు రాణికీ వర్తించింది.

సైఫాబాద్ టంకశాల

నిజాం రాజ్యంలో కథ వేరేగా నడిచింది. 1803లో మూడో ఆసఫ్‌జా సికిందర్ జా కాలంలో పాతనగరం సుల్తాన్‌షాహీలో రాచ టంకశాల వెలిసింది. అక్కడ నాణేలు మొదట సుత్తి దెబ్బతోనే తయారయ్యేవి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ హయాంలో, 1903లో, యంత్రాలతో కూడిన కొత్త టంకశాల సైఫాబాద్‌కు వచ్చింది. చార్మినార్ బొమ్మ ఉన్న నాణేలను ఇక్కడే ముద్రించారు.

ఇక్కడి బంగారు నాణెం అష్రఫీ. బరువు 11 గ్రాములకు కాస్త పైన, 91 శాతం మేలిమి. అర, పావు, అరపావు అష్రఫీలు కూడా ఉండేవి. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ దర్బారుకు పోయినవాళ్లు ఒక అష్రఫీ, నాలుగు రూపాయలు నజరానాగా సమర్పించేవారు. అంగట్లో సరుకు కొనడానికి కన్నా నజరానాకు, కానుకకు, దాచుకోవడానికి, హారంగా గుచ్చుకోవడానికే అష్రఫీ ఎక్కువ పనికొచ్చింది. తెలంగాణలో బంగారం లెక్క నేటికీ తులాల్లోనే. అసలు తులం 11.66 గ్రాములు, ఇప్పుడు దుకాణాల్లో 10 గ్రాములకే తులం అంటున్నారు.

టంకశాలలో పుట్టిన వెండి బిళ్లలకూ హారాల్లో చోటు దొరికింది. తండాల్లో లంబాడీ స్త్రీలు రూపాయి బిళ్లలను గుచ్చి మెడ నిండా వేసుకునేవారు. బంగారమో వెండో, నాణెం ఒంటి మీద ఉంటే ఆపద్ధనం ఒంటి మీద ఉన్నట్టే. బ్యాంకు లేని ఊరిలో ఆడమనిషికి ఆ దండే బ్యాంకు ఖాతా.

1950లో ఈ టంకశాల భారత ప్రభుత్వం చేతికి వచ్చింది. 1997లో పని చర్లపల్లికి తరలింది. సైఫాబాద్ భవనం చాలా ఏళ్లు మూతపడి ఉండి, 2022 జూన్‌లో మ్యూజియంగా తెరుచుకుంది. నాణేలు ముద్రించిన పాత యంత్రాలను అక్కడ చూడవచ్చు.

కంసాలి కుంపటి దగ్గర

అసలు నాణేలు దొరకడం తగ్గాక కంసాలులే కాసులను తయారుచేయడం మొదలుపెట్టారు. బంగారాన్ని మూసలో కరిగించి కడ్డీ పోస్తారు. దాగలి మీద సుత్తితో రేకు సాగదీస్తారు. లక్ష్మి బొమ్మ చెక్కిన అచ్చు మీద రేకు పెట్టి కొడితే బొమ్మ పైకి ఉబుకుతుంది. అంచు కత్తిరించి, వెలిగారం రాసి, టంకం పెట్టి కొక్కేలు అతుకుతారు. కమ్మచ్చులో సాగదీసిన తీగతో బిళ్లలన్నిటినీ ఒకదాని మీద ఒకటి కొద్దిగా ఒరిగేట్టు కూరుస్తారు. కొన్నిటికి నడుమ కెంపు పొదుగుతారు. పేరంతా ఒకే వంపు తిరిగి ఒంటికి అతుక్కున్నట్టు కూర్చుంటేనే అది మంచి పని. ఈ ఒదుగు యంత్రానికి అంత తేలిగ్గా పట్టుబడదు.

ఈ పని చేసే చేతులు చాలా కష్టాలు చూశాయి. 1963లో బంగారం నియంత్రణ నిబంధనలు వచ్చి 14 క్యారెట్లకు మించిన మేలిమితో నగలు చేయకూడదన్నప్పుడు దేశమంతటా కంసాలుల కుంపట్లు చల్లారాయి. 1968 నాటి బంగారం నియంత్రణ చట్టం 1990లో రద్దయ్యేదాకా ఆ దెబ్బ నుంచి వృత్తి తేరుకోలేదు. తేరుకునేలోగా అచ్చు యంత్రాలు, పెద్ద దుకాణాలు వచ్చాయి.

ఈ నగకు గుడిలో దక్కిన గౌరవం మాత్రం చెక్కుచెదరలేదు. తిరుచానూరు పద్మావతి అమ్మవారి కార్తిక బ్రహ్మోత్సవాల్లో గజవాహన సేవకు తిరుమల నుంచి లక్ష్మీ కాసుల హారాన్ని ఊరేగింపుగా తీసుకొస్తారు. ఆ రోజు అమ్మవారి అలంకారంలో ఆ హారానిదే మొదటి చోటు.

ఆండీస్ చెప్పే పాఠం

మన దగ్గర నాణెం నగగా మారితే, భూగోళానికి అవతలి వైపు నగలు నాణేలుగా మారాయి. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాల ప్రజలకు బంగారం సొమ్ము కాదు. అది సూర్యుడికి చెందినది, దేవుళ్లకూ రాజులకూ అలంకారం. 1532 నవంబరులో స్పెయిన్ సైనికులు కహమార్కాలో ఇంకా జాతి చక్రవర్తి అతహువల్పాను బంధించారు. విడుదల కోసం ఆయన గదినిండా బంగారం తెప్పించి ఇచ్చాడు. హారాలు, పాత్రలు, గుడి గోడల రేకులు అన్నీ కొలిమిలో పోసి కడ్డీలు చేశారు. ఆరు టన్నుల దాకా బంగారం తేలింది. మరుసటి ఏడు చక్రవర్తినీ చంపేశారు. ఆ కొలిమిలో పోయింది లోహం కాదు, తరతరాల పనితనం. అందుకే ఇంకా జాతి స్వర్ణకారుల పని ఎంత గొప్పదో చూపడానికి నేడు మిగిలినవి చాలా తక్కువ.

కొలిమికి దొరకనివి మట్టిలో మిగిలాయి. 1987లో పెరూ ఉత్తర తీరంలోని సిపాన్‌లో వాల్టర్ ఆల్వా బృందం మోచే ప్రభువు సమాధిని తవ్వింది. దాని మీద దొంగల చేయి పడకముందే చేరుకోగలిగింది. ఆ ప్రభువు మెడలో వేరుశనగ కాయల ఆకారంలో ఒక హారం ఉంది. కుడివైపు పది కాయలు బంగారం, ఎడమవైపు పది కాయలు వెండి. పొలంలో పండే వేరుశనగను రాజు మెడలో హారం చేసిన ఆ మనసు మనకు అర్థమవుతుంది. మామిడి పిందెలను, మల్లె మొగ్గలను బంగారంతో చేయించుకున్న జాతి మనది.

కొలంబియా ఇంకో పని చేసింది. 1939లో ఆ దేశపు కేంద్ర బ్యాంకు కింబాయా జాతివారి ప్రాచీన బంగారు సున్నపు భరిణెను కొన్నది. కడ్డీగా కాదు, కళాఖండంగా. దానితో మొదలైన సేకరణ నేడు బొగోటాలో బంగారు మ్యూజియంగా నిలిచింది. బంగారాన్ని బరువుతో తూచే బ్యాంకే దాన్ని పనితనంతో తూచిన సందర్భమది.

మన ప్రభుత్వమూ 1995లో నిజాం నగలు 173ని 218 కోట్ల రూపాయలకు కొని దేశం దాటకుండా కాపాడింది. అది మెచ్చుకోదగ్గ పని. 2001లో, 2006లో సాలార్‌జంగ్ మ్యూజియంలో వాటిని ప్రదర్శించినప్పుడు హైదరాబాదీలు బారులు తీరారు. ఆ తర్వాత అవి మళ్లీ రిజర్వు బ్యాంకు భద్రతలోకే పోయాయి. వాటికి హైదరాబాద్‌లో శాశ్వత ప్రదర్శనశాల కావాలి. కొలంబియా చేయగలిగింది మనమూ చేయగలం.

ఇప్పుడు మన చేతిలో ఉన్నది

రాచనగల సంగతి ప్రభుత్వం చూసుకోవాలి. ఇంటి నగల సంగతి మనదే. నేడు కాసుల పేర్లను ఏ సైన్యమూ కొల్లగొట్టడం లేదు. మనమే తీసుకుపోయి మార్పిడికి ఇస్తున్నాం. అక్కడ కెంపులు తీసేస్తారు, లక్క తీసేస్తారు, మిగిలినదాన్ని కరిగించి మేలిమి చూసి బరువు కడతారు. కొత్త నగకు తరుగు, మజూరీ వేరే కట్టాలి. అవ్వ మెడలోని పేరు చేసిన కంసాలి పనితనానికి అక్కడ ఒక్క రూపాయి విలువ కట్టరు.

అవసరం వచ్చి అమ్ముకునేవారిని తప్పుపట్టలేం. ఈ నగ పుట్టిందే ఆపదలో ఆదుకోవడానికి. కానీ మోజు కొద్దీ మార్చుకునేవారు ఒక్కసారి ఆగాలి. కొక్కేలున్న పాత సవరలు, అష్రఫీలు, వరహాలు ఉంటే కరిగించకముందు నాణేల సంగతి తెలిసినవారికి చూపించండి. బంగారం ధరకు మించిన విలువ వాటికి ఉండవచ్చు. పాత పేరుకూ హాల్‌మార్క్ వేయించుకునే వీలుంది, కాబట్టి మేలిమి తెలియదన్న కారణంతో దాన్ని కొలిమిలో వేయనక్కర్లేదు. తప్పనిసరై కరిగిస్తే ముందుగా ఫొటో తీసి, బరువు, కొలతలు, ఎవరి పెళ్లికి చేయించారో, ఏ ఊరి కంసాలి చేశాడో రాసిపెట్టండి. పొలంలోనో పాత ఇంటి పునాదిలోనో పాతకాలపు నాణేలు దొరికితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి నిక్షేపాల చట్టం చెబుతోంది. కొండాపూర్ నాణెం మన చరిత్రలోకి వచ్చింది, ఎవరూ దాన్ని కరిగించకపోవడం వల్లనే.

నాంపల్లి వైపు వచ్చినప్పుడు పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియానికీ, సైఫాబాద్ టంకశాలకూ పిల్లల్ని తీసుకెళ్లండి. ఇంట్లో కాసుల పేరు ఉంటే వచ్చే శుభకార్యానికి ఆడపిల్ల మెడలో వేసి, దాని కథ ఆమెకు చెప్పండి.