బీరువాలో దస్తావేజు, గొలుసులో లెక్క

ఇంటి కాగితాలు బీరువాలో ఏ అరలో ఉన్నాయో మీకు తెలుసు. అవి ఎవరి పేరున ఉన్నాయో, వాటికి బలమెంతో ఎప్పుడైనా ఆలోచించారా?

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం వంద రూపాయలు, ఆపైన విలువచేసే ఇల్లో స్థలమో అమ్మాలంటే రిజిస్టరు దస్తావేజు కావాలి. 1908 చట్టం ఆ రిజిస్ట్రేషనుకి పద్ధతులు ఏర్పరచింది. అయితే చిక్కల్లా ఒక్కటే. రిజిస్ట్రారుగారు నమోదు చేసేది కాగితాన్ని. అమ్మినవాడికి నిజంగా హక్కుందని ఆయన పూచీ పడరు. అందుకే మనకీ ఈసీలూ, లింకు దస్తావేజులూ, వకీళ్ల చుట్టూ తిరగడాలూ! దక్షిణ ఆస్ట్రేలియాలో మాత్రం 1858లోనే రాబర్ట్ టోరెన్స్ చొరవతో ప్రభుత్వమే హక్కుకి పూచీ పడే పద్ధతి వచ్చింది.

ఇప్పుడు వినబడుతున్న కొత్త మాట బ్లాక్‌చెయిన్. పేరు విని బెదరకండి. మన పాలపద్దే అనుకోండి. ప్రతి పుట పైనా కిందటి పుట మొత్తం వేసుకుంటాం కదా? వెనక ఒక్క అంకె దిద్దితే ఆ తరువాతి మొత్తాలన్నీ తప్పుతాయి. అదే పద్దు పదిళ్లలో ఉంటే, ఒకరు దిద్దినా మిగతా తొమ్మిది పద్దులూ పట్టిస్తాయి. అంతే సంగతి.

ఈ ఆలోచనకి మూలం 1991లో హేబర్, స్టోర్నెటా అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు రాసిన వ్యాసం. కాగితాల తేదీలు ఎవరూ మార్చకుండా, 1995 నుంచి లెక్క తాలూకు ముద్రని వారం వారం న్యూయార్క్ టైమ్స్ ప్రకటనల్లో అచ్చు వేయించారు. ఇంటింటికీ చేరిన పత్రికని వెనక్కి తెచ్చి దిద్దేదెవరు? 2009లో బిట్‌కాయిన్ వచ్చాక ఈ గొలుసుకి పేరొచ్చింది.

భూములకి దీన్ని వాడతామని 2015లో హోండురాస్ విషయంలో ప్రకటన వచ్చింది గాని, పని సాగలేదు. జార్జియా దేశం 2016లో మొదలుపెట్టి నిలబెట్టుకుంది. వాళ్లు 2004 నుంచే రికార్డులు చక్కబెట్టుకుంటూ వచ్చారు మరి! ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా 2017లో స్వీడన్‌కి చెందిన క్రోమావే సంస్థతో కలిసి ఈ ప్రయత్నానికి పూనుకుంది.

ఇక్కడే మనం జాగ్రత్తపడాలి. గొలుసు రాసినదాన్ని కాపాడుతుంది గాని, రాసింది నిజమో కాదో దానికి తెలియదు. హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచి, అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకి వచ్చింది. 2005లో దేశంలోని కూతుళ్లందరికీ వచ్చింది. అయినా, "అన్నయ్య అడిగాడు, కాదంటే పుట్టింటి రాకపోకలు పోతాయి" అని చదవకుండా విడుదల దస్తావేజు మీద సంతకం పెట్టే ఆడపడుచులు ఎందరో! ఆ సంతకం గొలుసులోకి ఎక్కితే అంతే భద్రంగా ఉంటుంది.

ఇవ్వదలచుకుంటే ఇవ్వండి, అది మీ ఇష్టం. కాని ఏమిస్తున్నారో చదివి ఇవ్వండి. ఈ వారమే తీరిక చేసుకుని మీ దస్తావేజులో పేర్లూ, హద్దులూ చూడండి. అర్థంకానిది అడగడానికి మొగమాటపడకండి. ఉంటాను.